హైటెక్ సిటీకి 20 నిమిషాలే!

మొన్న ఆదివారం మియాపూర్ సిగ్నల్ దగ్గర ఆగితే ఒక కుర్రాడు కారు కిటికీలోంచి పాంప్లెట్ లోపలికి విసిరేసి పోయాడు. పచ్చటి లాన్ మీద నవ్వుతున్న అమ్మా నాన్నా, మధ్యలో ఒక బుడ్డోడు. కింద పెద్ద అక్షరాలతో "హైటెక్ సిటీకి 20 నిమిషాలే!" అని. అడ్రసు చూస్తే సంగారెడ్డి దాటాక ఎక్కడో ఉంది. ఆ ఇరవై నిమిషాలు తెల్లవారుజామున రెండింటికి కొలిచారో, హెలికాప్టర్లో కూర్చుని కొలిచారో మరి! కిలోమీటర్లలో చెబితే అబద్ధం దొరికిపోతుంది. నిమిషాల్లో చెబితే ఎవడూ కోర్టుకెళ్ళడు.

నవ్వేసి పారేద్దామనుకున్నాను గానీ, సోమవారం ఆఫీసుకెళితే మా టీమ్ కుర్రాడు అచ్చం అలాంటి పాంప్లెట్టే పట్టుకుని కూర్చున్నాడు. ఆఫీసుకి దగ్గర్లో చూసిన ఫ్లాట్ కంటే ఔటర్ అవతలిది 15 లక్షలు తక్కువట. "అన్నా, 15 లక్షలు సేవింగ్!" అంటాడు. సరే, మనకి తెలిసిన విద్య ఒక్కటే కదా, ఎక్సెల్ తెరిచాను. పోను 30, రాను 30, రోజుకి 60 కిలోమీటర్లు. నెలకి 22 రోజులు వేసుకుంటే 1320. వాడి కారు ఈ ట్రాఫిక్‌లో లీటరుకి 14 ఇస్తే గొప్ప. అంటే 94 లీటర్లు. లీటరు 107 రూపాయల లెక్కన పది వేలు. ఆ పది వేలే బ్యాంకుకి ఈఎంఐగా కడితే, ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్ళ మీద పదకొండున్నర లక్షల అప్పు పుడుతుంది. సర్వీసింగులూ, టైర్లూ, టోలూ కలిపితే మిగతా మూడున్నర లక్షలూ హుళక్కి. పైగా రోజుకి మూడు గంటలు రోడ్డు మీద. నెలకి 66 గంటలు, అంటే ఎనిమిది పని దినాలు జీతం లేకుండా డ్రైవరు ఉద్యోగం చేస్తాడన్నమాట.

మావాడి మొహం మాడిపోయింది. అయితే వాడి తప్పేం లేదు. బ్యాంకు వాడు జీతం స్లిప్పు చూస్తాడు, సిబిల్ స్కోరు చూస్తాడు, ఓడోమీటరు మాత్రం చూడడు. చికాగోలో సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ అనే సంస్థ వాళ్ళు 2006లో ఈ రెండు ఖర్చులూ కలిపి ఒక సూచిక తయారుచేశారు. ఇంటికీ ప్రయాణానికీ కలిపి సంపాదనలో 45 శాతం దాటితే ఆ ఇల్లు నీకు అందుబాటులో లేనట్టే అని వాళ్ళ లెక్క. ఇంట్లో ఖర్చుల పద్దు రాసే ఏ అమ్మమ్మనడిగినా ఇదే చెబుతుంది గానీ, మనకి చికాగో నుంచి వస్తేనే నమ్మకం.

నాకు ఆ రాత్రి నిద్రపట్టక ఒకటే ఆలోచన. ఇంటి ఖర్చు, దారి ఖర్చు ఒకే బిల్లు అయినప్పుడు, మన ఊళ్ళో ఇవి రెండు బిల్లులుగా ఎప్పుడు విడిపోయాయి? మొదట్నుంచీ ఇలాగే లేదు మరి.

కథ 1908 సెప్టెంబరులో మూసీ వరదతో మొదలెట్టాలి. 15 వేల మంది దాకా పోయారని అంచనా. వరద తర్వాత విశ్వేశ్వరయ్యని పిలిపించడం, ఆయన సలహా మీద ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) రావడం మనం చిన్నప్పుడు పాఠాల్లో చదువుకున్నాం. చదువుకోనిది ఇంకోటుంది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు అని ఒకటి పెట్టారు. పత్తర్‌గట్టీ రోడ్డు వెడల్పు చేసి రెండు వైపులా ఆ రాతి కమానుల దుకాణాలు కట్టింది వాళ్ళే. మురికివాడలు తీసేసి, నాంపల్లి, మల్లేపల్లి లాంటి చోట్ల అద్దె ఇళ్ళు కట్టిందీ వాళ్ళే. గమనించండి, ఊరవతల కాదు, ఊళ్ళోనే. అక్కడి మనిషి పొద్దున్నే నడుచుకుంటూ పనికి పోవాలి, ఎందుకంటే పోవడానికి ఇంకో మార్గం లేదు. కాబట్టి ఇల్లు కట్టేవాడికి వాడి కాళ్ళ గురించి ఆలోచించక తప్పలేదు. ఆ బోర్డు వాళ్ళు దేవుళ్ళని నేననడం లేదు. రోడ్ల వెడల్పు పేరుతో ఎంతమంది కొంపలు లేచిపోయి ఉంటాయో.

తర్వాత 1932లో బస్సులొచ్చాయి. నడిపింది నిజాం స్టేట్ రైల్వే. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు, అంతే. మన ఆర్టీసీ పుట్టుక అది. (బస్సుల నెంబర్లో 'జడ్' అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని చెబుతుంటారు. నిజమో కాదో గానీ, చిన్నప్పుడు ఆ కథ విన్నాక బస్సెక్కినప్పుడల్లా ఎవరో ముసలావిడ ఇంటికి వెళ్తున్నట్టుండేది.) రైలూ బస్సూ ఒకే యజమాని చేతిలో ఉన్న రోజులవి. స్టేషన్లో దిగితే బస్సు లేకపోవడం అప్పట్లో ఆ ఒక్క యజమాని తలనొప్పి. ఇప్పుడు మెట్రో ఒకరిది, ఎంఎంటీఎస్ ఇంకొకరిది, బస్సు వేరొకరిది, తలనొప్పి మాత్రం మనది.

ఇక్కడ్నుంచి నాకు స్వయంగా తెలిసిన చరిత్ర. 1960ల్లో హైదరాబాద్ చుట్టూ ప్రభుత్వ రంగ కర్మాగారాలు వరసగా వచ్చాయి. రామచంద్రాపురంలో భెల్, బాలానగర్ వైపు ఐడీపీఎల్, కుషాయిగూడ వైపు ఈసీఐఎల్. అప్పటి లెక్కలో ఇవన్నీ అడవులే. అంత దూరం ఎవడొస్తాడు పనికి? అందుకని కర్మాగారంతో పాటు క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, ఊళ్ళోంచి వచ్చేవాళ్ళకి బస్సులు. మా నాన్న అలాంటి ఒక కర్మాగారంలో ఫిట్టర్. క్వార్టర్ నుంచి షాపు ఫ్లోరుకి సైకిల్ మీద ఎనిమిది నిమిషాలు. పాంప్లెట్ నిమిషాలు కావు, నిజం నిమిషాలు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, పది నిమిషాలు నడుం వాల్చి మళ్ళీ వెళ్ళేవాడు. ఆ రోజుల్లో మాకు డబ్బుల్లేవు గానీ, మా నాన్న మాకుండేవాడు. నా కూతురికి నేను వారం రోజుల్లో మేలుకుని కనిపించేది రెండు రోజులు.

ఆ క్వార్టర్ల వెనక ఉన్నది దయాదాక్షిణ్యాలు అనుకోకండి. కార్మికుడు దూరం నుంచి వస్తే ఆ ఖర్చు కంపెనీ మీద పడుతుంది, ఆలస్యంగా వస్తే ఉత్పత్తి మీద పడుతుంది. ఇల్లూ దారీ రెండూ ఒకే జేబులోంచి పోతున్నాయి కాబట్టి, ఆ జేబు గల ఆసామి రెండిటినీ కలిపే చూశాడు. నాకు ఈ మొత్తం చరిత్రలో కనిపించిన సూత్రం ఏదైనా ఉందంటే ఇదొక్కటే. ఆ ఉద్యోగులే సొసైటీలు పెట్టుకుని పక్కనే ఇళ్ళు కట్టుకున్నారు. ఈసీఐఎల్ వాళ్ళ ఏ.ఎస్. రావు నగర్ అలా వచ్చిందే. ఆ సంస్థని స్థాపించినాయన పేరే పెట్టుకున్నారు. అటు పెద్దవాళ్ళు కూడా ఊరుకోలేదు, 1962లోనే జూబిలీహిల్స్ సొసైటీ పెట్టుకున్నారు. అప్పుడవి రాళ్ళ గుట్టలు. రాళ్ళు కొన్నవాళ్ళ మనవళ్ళు ఇప్పుడు ఎలా ఉన్నారో మీకు చెప్పక్కర్లేదు.

తర్వాత 1976. ఎమర్జెన్సీ రోజుల్లో పట్టణ భూ గరిష్ఠ పరిమితి చట్టం తెచ్చారు. మన హైదరాబాద్‌లో ఒక మనిషి దగ్గర 1000 చదరపు మీటర్లకి మించి ఖాళీ స్థలం ఉండకూడదు, మిగులు ప్రభుత్వానిది, దాంతో బీదవాళ్ళకి ఇళ్ళు. కాగితం మీద ఇంతకంటే మంచి చట్టం ఉండదు. జరిగిందేమిటి? యజమానులు కోర్టుకెళ్ళారు. స్థలాన్ని వాళ్ళు అమ్మలేరు, ప్రభుత్వం తీసుకోలేదు, ఎవరూ కట్టలేరు. ఊరి నడిమధ్యన ఎకరాలకి ఎకరాలు సర్కారు తుమ్మ పెరిగి, మధ్యలో తుప్పు పట్టిన బోర్డు. ఊరు పెరగకుండా ఆగుతుందా? ఆ ఖాళీల మీంచి దూకి చట్టం పరిధికి అవతల ఉన్న పల్లెల్లో పడింది. "పంచాయతీ అప్రూవ్డ్ లేఅవుట్" అన్న మాట మీ నాన్నగారి తరంలో ఎవర్నడిగినా కళ్ళు మెరుస్తాయి. వాయిదాల పద్ధతిలో రెండొందల గజాలు. నీళ్ళు లేవు, కరెంటు స్తంభం రేపో మాపో, బస్సు మెయిన్ రోడ్డు దాకానే. కేంద్రం 1999లో చట్టాన్ని రద్దు చేసింది, మన రాష్ట్రం 2008 దాకా రద్దు చేయలేదు. ఈలోగా మిగులు భూమిలో ఆక్రమించుకుని ఉన్నవాళ్ళకి ఫీజు కట్టించుకుని క్రమబద్ధీకరించే జీవోలు. అంటే బీదవాళ్ళ ఇళ్ళకోసం పుట్టిన చట్టం ఖజానాకి ఆదాయ మార్గంగా పోయింది. ఊరు దూరమవడానికి ఈ చట్టమొక్కటే కారణమని నేననను. కానీ ఇళ్ళ లెక్క చూసేవాడికీ బస్సు లెక్క చూసేవాడికీ పరిచయం తెగిపోయింది ఈ కాలంలోనే.

అప్పట్లో ఆర్టీసీ ఈ తప్పుని తన వీపున మోసింది. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ (ఆసియాలోకెల్లా అతి పెద్దదని చెప్పుకునేవాళ్ళు, మన ఊళ్ళో ప్రతిదీ ఆసియాలోకెల్లా అతి పెద్దదే) బతికి బట్టకట్టిందంటే 218, 219 నెంబరు బస్సుల పుణ్యం. ఆ బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ నేను ఇంజినీరింగు పూర్తి చేశాను. నెల పాసు ఎంత దూరానికైనా ఒకటే రేటు. ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతోంది, అది హౌసింగ్ సబ్సిడీ అని. దూరంగా ఇల్లు కట్టుకున్నవాడి దారి ఖర్చులో సగం ఆర్టీసీ నష్టాల ఖాతాలోకి పోయేది. పేపర్లో మాత్రం ఏటా "ఆర్టీసీకి నష్టాలు" అనే వచ్చేది, "హౌసింగ్ విధానానికి నష్టాలు" అని ఎవరూ రాయలేదు.

1998 నవంబరులో వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించారు. మిగతాది మా తరం కథే కాబట్టి గబగబా చెప్పేస్తా. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ వచ్చింది. నేను చాలా ఏళ్ళు దాన్లోనే తిరిగాను. చవక, వేగం, కిటికీ పక్కన సీటు దొరికితే స్వర్గం. కాకపోతే హైటెక్ సిటీ స్టేషన్ అని పేరున్న చోట దిగితే సైబర్ టవర్స్ ఇంకా రెండు కిలోమీటర్లు. అక్కణ్ణించి షేరాటోలో ఆరో మనిషిగా డ్రైవరు పక్కన సగం సీటు మీద కూర్చుని గాల్లో తేలడం. రెండో దశ పనులు 2023 దాకా సాగి, అప్పటికీ కొంత భాగమే తెరిచారు. ఇటు ఔటర్ రింగు రోడ్డు మాత్రం, 158 కిలోమీటర్లు, 2008లో గచ్చిబౌలి-శంషాబాద్ ముక్కతో మొదలై 2018కి చుట్టూ పూర్తయిపోయింది. ఏది కావాలనుకున్నారో అది అయింది.

2006లో ఇంకో పని చేశారు, దీన్ని ఎవరూ పెద్దగా గుర్తుపెట్టుకోరు. జీవో 86. ఇంత స్థలంలో ఇంతే విస్తీర్ణం కట్టాలి అన్న నియమం, ఎఫ్ఎస్ఐ అంటారు, దాన్ని ఎత్తేశారు. రోడ్డు వెడల్పుని బట్టి, చుట్టూ వదిలే ఖాళీని బట్టి ఎంత ఎత్తయినా కట్టుకో. పైకి కట్టనిస్తే ఊరు అడ్డంగా పాకదు, ఇళ్ళు చవకవుతాయి అని ఆర్థికవేత్తలు ఎప్పట్నుంచో చెబుతున్న మందే ఇది. నేను కూడా ఆ మందుని నమ్మినవాణ్ణే, ఇప్పటికీ కొంత నమ్ముతాను. కానీ ఆ మేడలు లేచింది ఎక్కడ? బస్సులూ రైళ్ళూ ఉన్న పాత ఊళ్ళో రోడ్లు ఇరుకు, అక్కడ ఎత్తు కుదరదు. వంద అడుగుల రోడ్లున్నది కొత్తగా వేసిన చోట, అంటే కోకాపేట, నార్సింగి, ఔటర్ పక్కన. అక్కడ కారు లేనిదే పాల ప్యాకెట్ కూడా రాదు. ఊరు ఎత్తూ పెరిగింది, అడ్డంగానూ పెరిగింది. అదే కోకాపేటలో ప్రభుత్వమే వేలం వేస్తే 2021లో ఎకరా 60 కోట్లు పలికింది, 2023 ఆగస్టులో 100 కోట్ల 75 లక్షలు. రోడ్డు వేసింది మన డబ్బుతో, దాంతో పెరిగిన ధర మళ్ళీ మనమే కట్టాలి. ఆ ధర కట్టలేనివాడు ఆ రోడ్డు మీదే ఇంకో ముప్ఫై కిలోమీటర్లు పోవాలి. అక్కడిదాకా పోయాక రీజనల్ రింగు రోడ్డు బోర్డు కనబడుతుంది. రోడ్డు కనబడదు, దాని పేరుతో వెంచర్లు కనబడతాయి.

ఇక ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం 2008 నాటి మెట్రో టెండర్. మెట్రో కట్టడానికి ప్రపంచంలో ఎక్కడైనా కంపెనీలు ప్రభుత్వాన్ని "మీరు ఎంతిస్తారు" అని అడుగుతాయి. ఇక్కడ మేటాస్ కూటమి వచ్చి "మేమే మీకు 30,311 కోట్లు ఎదురిస్తాం" అంది, ఒప్పంద కాలం మొత్తం మీద. ('సత్యం' ఇంగ్లీషు స్పెల్లింగుని తిరగేస్తే మేటాస్ వస్తుంది. పేరు పెట్టినప్పుడే హింట్ ఇచ్చారు, మనమే చూడలేదు.) ప్రభుత్వం ఉబ్బితబ్బిబ్బయింది. ఢిల్లీ మెట్రో కట్టిన శ్రీధరన్ మాత్రం ప్రణాళికా సంఘానికి ఉత్తరం రాశారు. విలువైన వందల ఎకరాల భూమిని కంపెనీ చేతికి వ్యాపారానికివ్వడం ఇంట్లో వెండి అమ్ముకున్నట్టేననీ, తన సొంత భూముల వైపు రైలు పొడిగించుకుని లాభపడే ఆలోచన ఇందులో ఉందనీ ఆయన భయం. దానికి మన ప్రభుత్వం ఇచ్చిన జవాబు, పరువు నష్టం దావా వేస్తామని. తర్వాత 2009 జనవరిలో సత్యం కుప్పకూలింది, ఆ జులైలో ఒప్పందం రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీ వచ్చి 1,458 కోట్లు ప్రభుత్వం దగ్గర తీసుకునేట్టు ఒప్పుకుంది. అంటే 30 వేల కోట్లు వచ్చే వ్యాపారం రెండేళ్ళలో 1,458 కోట్లు ఎదురిచ్చే వ్యాపారమైపోయింది.

అందరూ దీన్ని కుంభకోణం కథగా చెప్పుకున్నారు. నాకు మాత్రం ఆ టెండర్లో విడిపోయిన రెండు బిల్లులూ మళ్ళీ ఒకటైనట్టు కనిపిస్తుంది, కాకపోతే తలకిందులుగా. ఇల్లూ దారీ ఒకే ఆసామి చేతిలో ఉంటే మంచిదని పైన నేనే అన్నాను కదా. మా నాన్న కంపెనీకి ఇల్లు చవగ్గా ఉంటే లాభం. మెట్రో కంపెనీకి ఇల్లు ఖరీదైతే లాభం. స్టేషన్ చుట్టూ ధరలు ఎంత పెరిగితే రైలు అంత బాగా నడుస్తుంది. రైలు ఎవరికోసం వేశారో వాళ్ళు ఆ స్టేషన్ చుట్టుపక్కల అద్దెకి కూడా ఉండలేనంతగా పెరిగితేనే లెక్క సరిపోతుంది! చివరికి లెక్క అలా కూడా సరిపోలేదు. 2017 నవంబరులో రైలు మొదలైంది, నష్టాలూ మొదలయ్యాయి. 2025 మేలో గరిష్ఠ టికెట్టు 60 నుంచి 75 చేసి, జనం గోల పెడితే కాస్త తగ్గించి 69 చేశారు. అదే ఏడాది సెప్టెంబరులో కంపెనీ తప్పుకోవడానికి, ప్రభుత్వం తీసుకోవడానికి ఒప్పుకున్నారు.

మా ఇంట్లో వంట చేసే ఆవిడ గురించి చెప్పి ఆపుతాను. అసలు ఇదంతా రాయడానికి పాంప్లెట్ కంటే ఆవిడే కారణం. కొల్లూరులో 2023లో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళు ఒకేచోట కట్టి ప్రారంభించారు (అవును, ఆసియాలోకెల్లా అతి పెద్దది), చార్మినార్‌కి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో. అలాంటిదే ఔటర్ దగ్గరి ఒక కాలనీలో ఈవిడకీ లాటరీలో ఇల్లొచ్చింది. పైసా కట్టక్కర్లేదు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకి బస్సు కూడా ఉచితం. ఇల్లు ఉచితం, దారి ఉచితం, ఇంక ఈవిడకి లోటేమిటి అనుకున్నాను. మిఠాయి తెచ్చిపెట్టింది కూడా.

మూడు నెలలైనా మా అపార్ట్‌మెంట్ వెనక బస్తీలో ఐదు వేల అద్దె గదిలోనే ఉంటోంది. ఏంటమ్మా అంటే, గిన్నె తోముతూనే లెక్క చెప్పింది. మొదటి ఇంట్లో పొద్దున ఆరున్నరకల్లా టిఫిన్ అయిపోవాలి, అక్కణ్ణించి రెండు బస్సులు మారి వస్తే ఎనిమిదవుతుంది, రెండిళ్ళు పోతాయి. ఇంటికి మూడు వేలు. ఐదు వేల అద్దె మిగిల్చుకోవడానికి ఆరు వేల పని పోగొట్టుకోవాలి. పెయింటింగ్ పనికి అడ్డా మీదికి పోయే మొగుడికి బస్సు ఉచితం కాదు, అది వేరే. నా ఎక్సెల్ లేదు, చికాగో లేదు. నేను అరగంట కూర్చుని తేల్చింది ఆవిడ రెండు గిన్నెలు తోమేలోపు తేల్చేసింది.

"మరి ఆ ఇల్లు?" అన్నాను.

తాళం వేసి ఉంటే రద్దు చేస్తారని భయమట. అందుకని ప్రతి శనివారం రాత్రి ఇద్దరూ చివరి బస్సు పట్టుకుని వెళ్ళి, దేవుడికి దీపం పెట్టి, అన్నం వండుకు తిని పడుకుని, ఆదివారం సాయంత్రం వచ్చేస్తారు. వచ్చేటప్పుడు ఫ్యాను వేసే వస్తారట.

"ఫ్యానెందుకమ్మా?"

"కరెంటు బిల్లు రావాలె గద సార్. ఉంటున్నమని లెక్కకి."